నవంబరు నెల పని

మా పెద్దమావయ్యకి రాసే ఉత్తరాల మీద ఊరి పేరు ఉండేది కాదు. ముందు నంబరు, తర్వాత ర్యాంకు, పేరు, యూనిట్, అడుగున 'కేరాఫ్ 56 ఏ.పి.ఓ.'. అంతే. నేను మూడో తరగతిలోనో నాలుగులోనో ఉన్నాను. అమ్మమ్మ చెబుతూ ఉంటే ఇన్‌లాండ్ లెటరు మీద రాసేదాన్ని. గేదె ఈనింది, సార్వా ఏపుగా ఉంది, చిన్నోడికి జ్వరం తగ్గింది, నువ్వు వేళకి తింటున్నావా? యుద్ధం అన్న మాట మాత్రం రాయనిచ్చేది కాదు. ఓసారి రేడియోలో విన్నదేదో రాయబోతే నా చేతిలోంచి కలం లాగేసుకుంది.

తాడేపల్లిగూడెం దగ్గర కాలవగట్టు మీది ఊరు మాది. ఆ చుట్టుపక్కలే మాధవరం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలం నుంచీ ఇంటింటా మిలట్రీకి వెళ్ళినవాళ్ళు ఉండబట్టి దాన్ని అందరూ మిలటరీ మాధవరం అంటారు. మా ఊరు అలాంటిది కాదు. మా ఊళ్ళో మిలట్రీ అంటే మావయ్య ఒక్కడే. 1962లో చైనాతో యుద్ధం అయ్యాక విరివిగా మనుషుల్ని తీసుకుంటున్న రోజుల్లో, కాలవ అవతలి ఊరి కుర్రాడితో కలిసి వెళ్ళి చేరిపోయాడు. ఇద్దరినీ బెంగళూరులో హలసూరు చెరువు దగ్గరున్న మద్రాస్ సాపర్స్ సెంటరుకి పంపారు. సాపర్ అంటే మిలట్రీలో మేస్త్రీ పనీ, చావు పనీ రెండూ చేసేవాడు. వంతెనలు కట్టాలి, రోడ్లు వెయ్యాలి, మందుపాతరలు పాతాలి, అవతలివాళ్ళు పాతినవి తియ్యాలి.

ఆ కాలవ అవతలి కుర్రాడిని మావయ్య 'బావా' అనేవాడు. అందుకని ఆయన మాకు బాబాయి, ఆయన భార్య పిన్ని. చుట్టరికం ఏమీ లేదు, వరస కలుపుకున్నారు, అంతే. 1971 వేసవిలో ఇద్దరూ కలిసే సెలవు మీద వచ్చారు. బాబాయి ముఖం గుర్తుతెచ్చుకోవాలని ఎన్నోసార్లు చూశాను, రాదు. పిన్ని ఇంట్లో గోడకున్న ఫొటో ముఖమే కళ్ళ ముందుకొస్తుంది, అది స్టూడియోవాళ్ళు రంగులద్దిన ముఖం. నాకు సొంతంగా మిగిలింది ఒక్కటే. మా అరుగు మీద కూర్చుని ఆయన బూట్లు విప్పుతున్నాడు. మేజోడు చిరుగులోంచి బొటనవేలు బయటికొచ్చింది. నేను నవ్వాను. ఆయన ఆ వేలిని ఆడించి చూపించాడు. దాంతోపాటే తలకి రాసుకున్న నూనె వాసన. ఏ నూనో తెలీదుగానీ మా ఇళ్ళలో వాడే కొబ్బరినూనె మాత్రం కాదు.

డిసెంబరు వచ్చింది. మా వైపు అప్పుడు సార్వా కోతలు, కుప్పనూర్పుళ్ళు. పొలాల్లో ఎక్కడ చూసినా కొత్తగడ్డి వాసన. పంచాయతీ రేడియో దగ్గర మాత్రం పని మానుకుని మరీ నిలబడేవాళ్ళు. మూడో తారీకు సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన విమానాశ్రయాల మీద బాంబులు వేశాయి, యుద్ధం మొదలైంది. ఆ రాత్రే విశాఖపట్నం దగ్గర సముద్రంలో ఘాజీ అనే పాకిస్తాన్ జలాంతర్గామి మునిగిపోయింది. విశాఖలో ఉండే మా పెదనాన్న కొడుకు సంక్రాంతికి వచ్చినప్పుడు, కిటికీ అద్దాలకి నల్లకాగితం అంటించుకున్న సంగతీ, కార్ల లైట్లకి సగందాకా నల్లరంగు వేసిన సంగతీ చెబుతుంటే పిల్లలందరం నోళ్ళు తెరుచుకుని విన్నాం. మా ఊరికి చీకటి కొత్త కాదు, కరెంటు ఉన్నవే కొన్ని ఇళ్ళు.

పదహారో తారీకు ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. అప్పుడే ధనుర్మాసం ముగ్గులు మొదలయ్యాయి. మర్నాడు బళ్ళో హెడ్మాస్టరుగారు జెండా ఎగరేయించి, పిల్లలందరికీ నిమ్మతొనలు పంచిపెట్టారు. అమ్మమ్మ రామాలయంలో కొబ్బరికాయ కొట్టింది. దవడన నిమ్మతొన పెట్టుకుని, పుల్లగా తియ్యగా చప్పరిస్తూ, ఇక మావయ్య వచ్చేస్తాడు, బాబాయి వచ్చేస్తాడు అని గెంతుకుంటూ ఇంటికొచ్చాను. అప్పటికే బాబాయి లేడు. తంతి ఇంకా రాలేదంతే.

ఆ తంతి ఏ రోజు వచ్చిందో ఇప్పటికీ తేలదు. సంక్రాంతి ముందే వచ్చిందని నేనంటాను. భోగి వెళ్ళాక అని మా చెల్లెలు. పిన్నిని అడగలేదు. మావయ్య బతికే ఉన్నాడన్న ఉత్తరం, బాబాయి పోయాడన్న తంతి ఒకే వారంలో వచ్చాయి. అమ్మమ్మ ఏడ్చింది. సంతోషానికా దుఃఖానికా అని అడిగే వయసు కాదు నాది.

శవం రాలేదు. ఆ రోజుల్లో వచ్చేది కాదు. యుద్ధంలో పోయినవాళ్ళకి సాధారణంగా అక్కడే అంత్యక్రియలు చేసేసేవారు. ఇంటికి చేరింది నల్ల ఇనప ట్రంకు పెట్టె. దాని మూత మీద తెల్లరంగుతో బాబాయి నంబరూ పేరూ. పెట్టెలో ఏమేమున్నాయో పిన్ని ఎవరికీ చూపించలేదు. ఒళ్ళో ఏడాది నిండని కూతురు. ఆ నంబరు మీద వేలు పెట్టి, ఒక్కో అంకే పైకి చదువుకుంటూ కూర్చుందట. పిన్నికి తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు. ఇంగ్లీషులో అంకెలు తప్ప ఏవీ రావు.

ఆ చలికాలం చివర్లో మావయ్య సెలవు మీద వచ్చాడు. తాడేపల్లిగూడెంలో రైలు దిగి తిన్నగా కాలవ అవతలికే వెళ్ళాడు. మా ఇంటికి రాత్రికి వచ్చాడు. యుద్ధం కబుర్లు చెబుతాడని పిల్లలం చుట్టూ మూగాం. "పడుకోండమ్మా" అన్నాడు, అంతే. చాలా ఏళ్ళ దాకా మాకు కథలు చెప్పలేదు. పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ రెండూ గుడ్డలో చుట్టి బీరువా అడుగున పెట్టాడు.

చెప్పింది ఎప్పుడో నేను డిగ్రీ చదువుతున్నప్పుడు. పొలంగట్టు మీద ఇద్దరం నడుస్తున్నాం. నేనే అడిగాను, మందుపాతర ఎలా తీస్తారు మావయ్యా అని. చేతిలో ముల్లుకర్ర ఉంది. ఉన్నపళాన గట్టు మీద బోర్లా పడుకున్నాడు. ముల్లుకర్రని నిటారుగా కాకుండా ఏటవాలుగా, మెల్లిగా మట్టిలోకి దించాడు. "నిలువుగా పొడిస్తే దాని నెత్తి మీద పడుద్ది అమ్మాయ్. పక్కనించి తగలాలి. తగిలితే చేతికి తెలుస్తుంది. రాయి ఒకలా ఉంటది, రేకు ఒకలా ఉంటది" అన్నాడు. తర్వాత కర్ర పక్కన పెట్టి, వేళ్ళతో మట్టిని గోరుతో గీరినట్టు తీశాడు. జానెడు మేర అయ్యాక ఇంకో జానెడు ముందుకి పాకాడు. అలా పాకినంత మేరా వెనకాల తెల్లటేపు పరుచుకుంటూ వస్తారట, ట్యాంకులు ఆ టేపుల మధ్యనే రావాలి. చీకట్లో, చలిలో, నెత్తిమీద గుళ్ళు పడుతుంటే. "మీ బాబాయి నాకు ఎడమపక్కన ఉన్నాడు" అని, లేచి బట్టలు దులుపుకున్నాడు. ఆ మాట తర్వాత ఏం జరిగిందో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

అది పశ్చిమ సరిహద్దున, బసంతర్ నది దగ్గర, శకర్‌గఢ్ వైపు. డిసెంబరు 15 రాత్రి. మావయ్య వాళ్ళ 9 ఇంజనీర్ రెజిమెంటు దారి తీస్తేనే పూనా హార్స్ రెజిమెంటు ట్యాంకులు నది దాటి ముందుకి వెళ్ళాయి. ఆ ట్యాంకుల్లోనే మర్నాడు ఇరవై ఒక్కేళ్ళ అరుణ్ ఖేతర్‌పాల్ పోరాడి ప్రాణం వదిలి పరమవీర చక్ర పొందాడు. మావయ్య వాళ్ళ రెజిమెంటు మేజర్ విజయ్ రతన్ చౌదరి కూడా ఆ మందుపాతరల పనిలోనే పోయారు. ఆయనకి మహావీర చక్ర ఇచ్చారు. ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవి. మావయ్య నోట విన్నది 'ఎడమపక్కన' అన్న ఒక్క మాటే.

పిన్నికి అప్పటికి ఇరవై దాటి ఉంటాయో లేదో. భర్త తమ్ముడికిచ్చి చేసేస్తే పోతుందని అత్తవారింట్లో మాట వచ్చింది. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పెన్షను ఆగిపోతుందనీ, మరిదిని చేసుకుంటే మాత్రం ఆగదనీ అప్పుడు రూలు అట. ఆ మరిదికి పద్దెనిమిదేళ్ళు, పిన్ని చేత్తో అన్నం తిని పెరిగినవాడు. మావయ్య సెలవు పొడిగించుకుని, రోజూ వెళ్ళి వాళ్ళ అరుగు మీద కూర్చున్నాడు. ఏం మాట్లాడాడో తెలీదు. ఆఖరికి పిన్నినే పిలిచి అడిగారట. "నాకు ఈ ఇంట్లో ఇంత చోటిస్తే చాలండి. నా కూతుర్ని నేను పెంచుకుంటాను" అందిట. మావయ్య లేచి, "మా చెల్లెమ్మ చెప్పిందిగదండీ, ఇంక ఆ మాట వద్దు" అన్నాడు. నిజంగా తోబుట్టువైపోవడం ఆ రోజు నుంచే.

1971 యుద్ధంలో పోయినవాళ్ళ భార్యలకి ఎక్కువ పెన్షను ఇచ్చే ఉత్తర్వు మరుసటి ఏడే వచ్చింది. మంచి ఉత్తర్వు. కానీ అది ఢిల్లీ నుంచి మా కాలవగట్టు దాకా రావాలంటే మధ్యలో మనిషి కావాలి. రికార్డుల్లో పిన్ని పేరు ఇంట్లో పిలిచే పేరుగా పడింది, ఓటర్ల జాబితాలో అసలు పేరు ఉంది. రెండూ ఒకే మనిషివని రుజువు చెయ్యాలి. పెళ్ళికి శుభలేఖ వెయ్యలేదు, కూతురు పుట్టిన తేదీ ఎక్కడా రాయించలేదు. మావయ్య ఊళ్ళో ఉన్నప్పుడు కరణంగారి చుట్టూ, తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగేవాడు. లేనప్పుడు, కేరాఫ్ 56 ఏ.పి.ఓ. నుంచి నాకు ఉత్తరం రాసేవాడు. 'అమ్మాయ్, ఫలానా కాగితం నకలు మూడు తీయించి రిజిస్టర్ పోస్టులో పంపు' అని. అమ్మమ్మ ఉత్తరాలు రాయడంతో మొదలైన నా చేతిరాత అలా పిన్ని అర్జీల్లోకి వెళ్ళింది.

మావయ్య హవల్దారుగా సర్వీసు ముగించుకుని వచ్చేసరికి నలభై కూడా లేవు. సిపాయి బతుకులో ఇది చాలామందికి తోచదు. బయట ఉద్యోగస్తులు పైకి ఎదిగే వయసులో వాళ్ళ ఉద్యోగం అయిపోతుంది. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు అన్నీ ఇంకా ముందే ఉంటాయి. చిన్న పెన్షను. మావయ్య ఒక బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీ పట్టుకుని గార్డుగా కూర్చున్నాడు. మందుపాతరల మధ్య దారి తీసిన మనిషి, పొద్దున్న పదింటికి షట్టర్ ఎత్తి, వచ్చినవాళ్ళకి ఫారాలు ఎక్కడుంటాయో చూపించేవాడు. నేను మరో ఊళ్ళో బ్యాంకులో గుమాస్తాగా చేరిన కొత్తలో ఆ సంగతి తల్చుకుంటే కడుపులో దేవినట్టుండేది. ఆయనకి మాత్రం అలాంటిదేమీ లేదు. ఫారాలు నింపడం వచ్చేసిందని సంబరపడేవాడు. "బావ కాగితాలకి పనికొస్తుంది" అన్నాడు నాతో.

డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం. బళ్ళోవాళ్ళు మావయ్యని పిలిచి మెళ్ళో దండ వేసి, మెడల్సు పెట్టుకుని రమ్మనేవాళ్ళు. ఓ ఏడాది ఆయన వెళ్ళలేదు. ఆ రోజే పిన్నిని తీసుకుని ఏలూరు వెళ్ళాల్సివచ్చింది, పెన్షను ఎందుకో రెండు నెలలు ఆగింది. హెడ్మాస్టరు చిన్నబుచ్చుకున్నారు. ఇంటికొచ్చాక నేనూ అడిగాను, ఇంకో రోజు వెళ్ళకూడదా అని. "దండకి నేను లేకపోతే ఇంకొకరు దొరుకుతారు. ఈ పనికి ఇంకెవరు వెళ్తారు అమ్మాయ్?" అన్నాడు.

ఆయన మిలటరీ మాధవరం వెళ్ళినప్పుడల్లా ఇదే చెప్పేవాడు. అక్కడ ఒక ఇంట్లో మనిషి పోతే, పక్కింటాయనా మాజీ సైనికుడే, ఎదురింటాయనా అంతే. ఏ కాగితం ఎక్కడికి వెళ్ళాలో అరుగు మీదే తెలిసిపోతుంది. ఒక్కడే వెళ్ళి ఒక్కడే పోయిన ఊళ్ళలో అతని పెళ్ళానికి దిక్కెవరు? ఊళ్ళో విగ్రహం ఉండొచ్చు, బడికి పేరు ఉండొచ్చు. ఆమెకి రావాల్సింది ఆమెకి వస్తోందా అని అడిగేవాడు ఒకడు ఉండాలి.

ఏటా నవంబరులో పిన్ని బతికే ఉన్నట్టు సంతకం పెట్టి రావాలి. లైఫ్ సర్టిఫికెట్. అది ఇవ్వకపోతే పెన్షను నిలిచిపోతుంది. కార్తీకమాసం స్నానాలు, దీపాలు ఎలాగో మావయ్యకి నవంబరు నెల పని అలాగ. పొద్దున్నే సైకిలు తుడుచుకుని, చేతిసంచీలో పెన్షను పుస్తకం, పెన్షను మంజూరు ఉత్తర్వు (పి.పి.ఓ.) నకలు పెట్టుకుని కాలవ దాటేవాడు. తర్వాత్తర్వాత స్కూటరు, ఇంకా తర్వాత ఆటో. పిన్ని తెల్లచీర కట్టుకోలేదు ఎప్పుడూ. ఆ ఒక్కరోజు మాత్రం మంచి చీర తీసి కట్టుకునేది. పని అయ్యాక ఇద్దరూ హోటల్లో ఇడ్లీ తినేవారు. ఆ ఒక్క పూటే పిన్ని బయట తినేది.

1999లో కార్గిల్ యుద్ధం టీవీలో చూశాం. హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య పార్థివదేహం జెండా కప్పుకుని వచ్చింది, జనం వీధుల్లో బారులు తీరారు. ఆ యుద్ధం నుంచే అలా ఇళ్ళకి పంపడం మామూలైంది. ఆ రోజు పిన్ని మా ఇంట్లో ఉంది. చివరిదాకా కన్నార్పకుండా చూసింది. "ఆ తల్లికి చూసుకోవడానికైనా దొరికాడు" అంది. మావయ్య లేచి పెరట్లోకి వెళ్ళాడు. 'ఎడమపక్కన' తర్వాత ఏం జరిగిందో ఆయన పిన్నికి చెప్పాడా? చెప్పి ఉండడనే నా నమ్మకం.

వయసు మీదపడ్డాక మావయ్యకి కుడిచెవి వినపడేది కాదు. మాజీ సైనికుల ఆస్పత్రి పథకం 2003లో వచ్చాక అక్కడికి తీసుకెళ్ళేవాళ్ళం. 2015లో 'ఒకే ర్యాంకు, ఒకే పెన్షను' కోసం ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర మాజీ సైనికులు దీక్షలో కూర్చున్నప్పుడు పేపరంతా నాచేత గట్టిగా చదివించుకున్నాడు. ఏదో రాజకీయ నాయకుడి మాట చదవబోతే "అది వదిలెయ్, పెళ్ళాలకి కూడా వర్తిస్తుందా చూడు" అన్నాడు.

లైఫ్ సర్టిఫికెట్ వేలిముద్రల మీదికి మారిన కొత్తలో, నేను రిటైరు కాకముందు, ఇద్దరినీ కారులో తీసుకెళ్ళాను. పిన్ని వేలు మిషను మీద పెడితే ఎర్రలైటు. ఇంకో వేలు పెడితే మళ్ళీ ఎర్రలైటు. యాభై ఏళ్ళు నాట్లు వేసి, కలుపు తీసి, కొబ్బరిపీచు పెట్టి గిన్నెలు తోమిన వేళ్ళు. గీతలన్నీ అరిగిపోయాయి. కౌంటర్లో కుర్రాడు కంగారుపడుతున్నాడు. మావయ్య వణికే చేతులతో పిన్ని వేళ్ళని ఒక్కొక్కటే తడిగుడ్డతో తుడిచి, కాస్త వేజలీను రాసి, మళ్ళీ తుడిచి, మిషను మీద ఏటవాలుగా ఆనించి మెల్లిగా నొక్కాడు. ఉంగరం వేలికి పచ్చలైటు వచ్చింది. నాకు పొలంగట్టు గుర్తొచ్చింది. ఆయన గుర్తుచేసుకున్నాడో లేదో, "అయిపోయిందమ్మా" అన్నాడు పిన్నితో.

మావయ్య 2018లో పోయాడు. పక్క ఊళ్ళ నుంచి మాజీ సైనికులు వచ్చి వరసగా నిలబడి సెల్యూట్ చేశారు. పిన్ని రెండోరోజు వచ్చింది. ఏడవలేదు. ఆయన చేతిసంచీ అడిగి తీసుకుంది, తెరిచి కాగితాలన్నీ సరిచూసుకుంది, మళ్ళీ మూసి నా చేతిలో పెట్టింది. "ఇంక నువ్వే అమ్మాయ్" అంది.

మరుసటి ఫిబ్రవరిలో ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం తెరిచారు. ఆ చలికాలంలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు చూడ్డానికి వెళ్ళాను. గుండ్రంగా గ్రానైటు గోడలు, స్వాతంత్ర్యం వచ్చాక పోయినవాళ్ళ పేర్లు పాతికవేల పైచిలుకు. వెతకడానికి చాలాసేపు పట్టింది. దొరికాక, వీడియో కాల్ చేసి పిన్నికి చూపించాను. ఎండ పడి సరిగా కనపడలేదు. "పేరు నాకెలాగూ చదవడం రాదు, నంబరు చదువమ్మా" అంది. నేను మొదటి రెండు అంకెలు చదివానో లేదో, మిగతావి తనే గడగడా చెప్పేసింది. చెప్పి, "సరిగ్గానే వేశారు" అంది. ఆ మాటలో ఉన్న తృప్తిని నేను తర్వాత చాలాసార్లు తల్చుకున్నాను. ఇన్నేళ్ళుగా పేరు తప్పు పడితే, తేదీ తప్పు పడితే దిద్దించుకోవడమే ఆమె జీవితమైంది. ఇక్కడ దిద్దించాల్సింది ఏదీ లేదు.

ఇప్పుడు పెన్షన్లు 'స్పర్శ్' అనే కంప్యూటరు పద్ధతిలోకి మారాయి. పాస్‌వర్డు నా దగ్గరే ఉంది. పిన్నికి కళ్ళు మసకబారాయి, మోకాళ్ళు లేవనివ్వడం లేదు. కూతురు రాజమండ్రి తీసుకెళ్తానంటే వెళ్ళదు. నవంబరు వస్తే నేనే కాలవ దాటి వెళ్తాను, ఇంట్లోనే కళ్ళతో తీసే పద్ధతి వచ్చింది. పని అయ్యాక ఇడ్లీ తెప్పిస్తాను.

స్మారకాల దగ్గర పువ్వులు పెట్టేవాళ్ళని నేను తక్కువ చెయ్యను. నేనూ పెట్టాను. కానీ పోయినవాడిని నిజంగా తల్చుకోవడం ఎలాగో మావయ్య దగ్గర నేర్చుకున్నాను. బాబాయి బతికుంటే ఏ పనులు చేసేవాడో ఆ పనులు మావయ్య చేశాడు, దాదాపు యాభై ఏళ్ళు, ఎవరూ చూడకుండా. మీ ఊళ్ళోనూ అలాంటి ఇల్లు ఒకటి ఉండవచ్చు. గోడ మీద యూనిఫాం ఫొటో, దాని కింద ఒక్కర్తే ఉండే ఆడమనిషి, లేదా చెవులు వినపడని పాత సిపాయి. ఈసారి నవంబరులో వెళ్ళి, "లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చారాండీ?" అని అడగండి. ఇవ్వకపోతే, దగ్గరుండి ఇప్పించి రండి.